రాజీనామాకు జిలేబీ

బోధన్‌లో తహసీలు ఆఫీసు గేటుకు ఎదురుగా నాకొక చిన్న దుకాణం ఉంది. ఒక కంప్యూటరు, ఒక ప్రింటరు, ఎండాకాలం రాగానే మొరాయించే ఒక జిరాక్సు మిషను, రెండు ప్లాస్టిక్ కుర్చీలు. పైన బోర్డు మీద "ఇచ్చట వినతిపత్రములు శుద్ధమైన తెలుగులో టైపు చేయబడును" అని రాయించాను. అందులో "శుద్ధమైన" అన్న మాట మా చాచాను ఉద్దేశించి పెట్టిందే. ఆ సంగతి ఆయనకూ తెలుసు.

చాచా నాకు చుట్టం కాదు. నా దుకాణం మెట్ల పక్కన రేకుల నీడలో చెక్కబల్ల వేసుకొని, నేను పుట్టకముందు నుంచీ అర్జీలు రాస్తున్న పెద్దమనిషి. చదువంతా ఉర్దూలో. తెలుగు కూడా రాస్తాడు, గుండ్రంగా, నిదానంగా, ఒక్కో అక్షరానికి కుర్చీ వేసి కూర్చోబెట్టినట్టు. నేను దుకాణం పెట్టిన రోజున తన గిరాకీ పోతుందని ముఖం మాడ్చుకుంటాడేమోనని భయపడ్డాను. ఆయన మాత్రం నా బోర్డును పైనుంచి కిందికి చదివి, "బేటీ, వినతిపత్రం అంటే దరఖాస్తేనా?" అని అడిగాడు. అవునన్నాను. "మరి దరఖాస్తు అనే రాయరాదు? వచ్చేటోళ్ళకు సమజైతది కదా," అన్నాడు. మా యుద్ధం ఆనాడే మొదలైంది.

నా వైపు నుంచి కూడా చెప్పాలి. మా బాపు మాక్లూర్ దగ్గర ఒక బడిలో తెలుగు పంతులు. నేను నిజామాబాద్ హాస్టల్లో చదువుకునేటప్పుడు జ్వరం వచ్చిందని ఇంటికి ఉత్తరం రాస్తే, వారం తిరక్కుండా అదే ఉత్తరం ఎర్రసిరాతో దిద్ది తిరిగొచ్చింది. తప్పులు మూడు. అడుగున "త్వరలో కోలుకోగలవు" అని రాసి ఉంది. అప్పటికి నేను కోలుకొని పరీక్ష కూడా రాసేశాను. అటువంటి ఇంట్లో పెరిగినదాన్ని, నాకు మాట మీద పట్టు లేకుండా ఎట్లా ఉంటుంది? పట్టే కాదు, కోపం కూడా ఉంది.

ఒకసారి ఒక రైతు పక్కింటివాళ్ళ మేక తన నారుమడి మేసిందని ఫిర్యాదు రాయించుకోవడానికి వచ్చాడు. నేను "సదరు మేక నా నారుమడియందు ప్రవేశించి" అని టైపు చేసి, అలవాటు ప్రకారం పైకి చదివాను. చాచా బల్ల మీద కలం పెట్టి లేచి వచ్చాడు.

"బేటీ, మేక సదర్ ఎప్పుడయింది?"

"సదరు అంటే పైన చెప్పిన అని అర్థం చాచా."

"సదర్ అంటే పెద్ద. అధ్యక్షుడు. మా ఉర్దూల సదర్ సాబ్ కుర్సీ మీద కూసుంటడు. నీ తెలుగుల నారుమడిల పడి మేస్తుండా?"

రైతు మా ఇద్దరి ముఖాలూ మార్చి మార్చి చూసి కంగారు పడ్డాడు. "అమ్మా, గది గంత పెద్ద మేకేం గాదు. మామూలు మేకనే. ఎక్కువ రాసి నన్ను ఇరికియ్యకు," అన్నాడు. చివరికి "పైన చెప్పిన మేక" అని మార్చి ఇచ్చాను. ఆ రోజంతా చాచా టీ తాగినప్పుడల్లా "సదర్ సాబ్" అని తనలో తానే నవ్వుకున్నాడు.

నేనూ గెలిచిన రోజులున్నాయి. సంజాయిషీ దగ్గర గెలిచాను. ఉర్దూలో ఆ మాటకు సముదాయించి చెప్పడమని అర్థమట. "మెమో ఇచ్చిన ఆఫీసరు సముదాయించాలె గని, తీసుకున్నోడు ఆఫీసరును సముదాయించుడేంది?" అన్నాడు. "మన దగ్గర జరిగేది అదే కదా చాచా," అన్నాను. తహసీలు ఆఫీసు వైపు ఒకసారి చూసి, ఆయన తన బల్ల దగ్గరికి పోయి కూర్చున్నాడు.

నా వాదన ఒక్కటే. ఆ మాటల పుట్టిల్లు ఉర్దూ అయితే అయింది, ఇన్నేళ్ళుగా కాపురం తెలుగులో చేస్తున్నాయి, ఇక్కడి కట్టూబొట్టూ వాటికి వచ్చేశాయి, ఇక పుట్టింటివాళ్ళు వచ్చి ఇది మా పిల్ల నడక కాదంటే ఎవరు వింటారు? చాచా వాదనా ఒక్కటే. పిల్ల ఎక్కడున్నా పుట్టింటి పేరు మరిచిపోదంటాడు. ఇట్లా మేము ఎవరికీ నష్టం లేని పంచాయితీ చేసుకుంటూ సుఖంగానే ఉన్నాం, ఆయమ్మ వచ్చేదాకా.

ఆయమ్మ అంటే మా ఊరి ఇంగ్లీషు మీడియం బడి బస్సులో ఆయా. చిన్నపిల్లలను చెయ్యి పట్టి ఎక్కించడం, దింపడం, సీటు కోసం కొట్టుకుంటే విడదీయడం ఆమె పని. పన్నెండేళ్ళుగా అదే బస్సు, అదే దారి. ఒకప్పుడు ఆమె ఎక్కించి దింపిన పిల్లలు ఇప్పుడు బైకుల మీద తిరుగుతూ కూడా ఆమె కనబడితే బండి ఆపి "ఆయమ్మా" అని పలకరిస్తారు. ఇంట్లో మాట్లాడేది ఉర్దూ, బస్సులో మాట్లాడేది తెలుగు. ఉర్దూలో సంతకం చేస్తుంది. తెలుగు చదవడం రాదు.

ఒక శుక్రవారం మధ్యాహ్నం, చాచా నమాజుకు వెళ్ళిన వేళ, ఆమె నా దుకాణం మెట్లెక్కింది.

"చాచా లేడా బిడ్డా?"

"నమాజుకు పోయిండు. ఏం కావాలె ఆయమ్మా?"

"ఒక రాజీనామా రాయాలె. పెద్దసారు రేపటికల్ల రాసి తెమ్మన్నడు."

కీబోర్డు మీద నా చేతులు ఆగిపోయాయి. పెద్దసారంటే ఆ బడి ప్రిన్సిపాలు. కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, ఏమైందని అడిగాను. చెరుకు ట్రాక్టర్ల కాలం కదా, రోడ్డంతా ఒకదాని వెనక ఒకటి నిలబడి బస్సు రోజూ ఆలస్యమవుతోందట. ఆ ఆలస్యాన్ని పూడ్చుకోవడానికి డ్రైవరు గల్లీల దగ్గర ఆగకుండా హారన్ కొట్టి లాగించేస్తున్నాడట. యూకేజీ చదివే ఒక పిల్ల బూటు తాళ్ళు కట్టుకుంటూ ఉండగానే బస్సు కదిలించాడట. ఆయమ్మ తిట్టింది. డ్రైవరు పిల్లలందరి ముందూ "ముసల్దానా, నీ పని నువ్వు చూస్కో" అన్నాడు. అప్పటి నుంచి ఇద్దరూ ముఖాలు తిప్పుకున్నారు. సంగతి పెద్దసారు దాకా పోయింది.

"నిన్న ఇద్దర్ని పిలిచిండు. పిల్లల ముందట గిట్ల కొట్లాడితే బడి ఇజ్జత్ ఏంగావాలె, మీ దిక్కు నుంచి రాసియ్యుండ్రి అన్నడు."

నా ఒళ్ళు మండింది. "తప్పు డ్రైవర్‌ది. రాజీనామా నువ్విచ్చుడేంది?"

"ఆయన గూడ ఇస్తడు బిడ్డా."

ఒకేరోజు ఇద్దరినీ సాగనంపుతున్నారా, ఇదేం బడి అనుకున్నాను. "ఇంకోసారి ఆలోచించు ఆయమ్మా. పన్నెండేండ్లు చేసినవ్."

"ఏం ఆలోచించేది? పొద్దుగాల లేస్తే మూతులు ముడుసుకొనుడు ఎన్ని దినాలు? రాజీనామా ఇచ్చేస్తే దిల్ హల్కా అయితది."

"ఇంట్ల అడిగినవా?"

"మా కోడలే ఇయ్యమన్నది. పంతానికి పోకు అన్నది."

"మరి సోమవారం నుంచి?"

"సోమారం నుంచి మంచిగ నవ్వుకుంట పనికి పోత."

అప్పుడే ఇంకోచోట పని చూసుకుందన్నమాట, గడుసుదే అనుకొని, కొంచెం ఊరట పడి, టైపు చేయడానికి కూర్చున్నాను. గుండెలో బాధ ఉన్నప్పుడు నా తెలుగు ఇంకా ఎత్తుకు పోతుంది. ఆ రోజు రాసింది నా చేతి నుంచి వచ్చిన మేలైన పత్రాల్లో ఒకటి అని ఇప్పటికీ అంటాను.

"గౌరవనీయులైన ప్రధానోపాధ్యాయుల వారి దివ్య సముఖమునకు, తమ పాఠశాల బస్సునందు ఆయాగా పనిచేయుచున్న విధేయురాలు సవినయముగా సమర్పించుకొను విన్నపము. ఇటీవలి పరిణామముల దృష్ట్యా నేను నా స్వంత ఇష్టపూర్వకముగా, ఎవరి ఒత్తిడియు లేకుండా, ఈ రాజీనామాను సమర్పించుకొనుచున్నాను. ఇంతకాలము నా యెడల తమరు చూపిన ఆదరణకు కృతజ్ఞురాలను. కావున దయతో దీనిని ఆమోదించగలరని ప్రార్థన."

మర్యాద రాతలో చేదు సంగతిని పేరుపెట్టి చెప్పకూడదని బాపు అనేవాడు. అందుకే ఉద్యోగం మానేస్తున్నాను అన్న మొరటు వాక్యాన్ని ఎక్కడా రానీయలేదు. పైకి చదివి వినిపిస్తే ఆయమ్మ తల ఊపింది. "ఎవరి ఒత్తిడి లేదు. గది నిజమే. మంచిగ రాసినవ్ బిడ్డా," అని ఉర్దూలో సంతకం చేసి, కాగితాన్నీ, నేను తీసిచ్చిన జిరాక్సు కాపీనీ కొంగులో జాగ్రత్తగా పెట్టుకొని పోయింది. నాకు కళ్ళు చెమర్చాయి. చాచా తిరిగొచ్చాక చెబుదామనుకున్నాను గాని, ఎవరో పాసుబుక్కు జిరాక్సుకు వచ్చి మిషను మొరాయించడంతో మరిచిపోయాను.

శనివారం సాయంత్రం ఆయమ్మ జిలేబీ పొట్లంతో వచ్చింది. చేతిలో బడి ముద్ర కొట్టిన కాగితం. ముఖం వెలిగిపోతోంది.

"మంజూరైంది బిడ్డా! పొద్దుగాల ఇచ్చిన. సాయంత్రానికి ముద్ర కొట్టిచ్చిండ్రు. ఆఫీసుల అమ్మాయి, మంచిగుండు ఆయమ్మా అని చెయ్యి గూడ పట్టుకున్నది."

చాచా బల్ల దగ్గర్నుంచి అడిగాడు. "ఏం మంజూరైంది?"

"నా రాజీనామా."

"మాషా అల్లా! మంచి పని చేసినవ్. పెద్దరికం అంటే గట్లుండాలె," అన్నాడు చాచా.

ఉద్యోగం మానేస్తే పెద్దరికం ఏమిటో నాకు అర్థం కాలేదు. కానీ ఆయమ్మ అంత సంతోషంగా ఉన్నప్పుడు అడ్డు ప్రశ్న వేయబుద్ధి కాలేదు. చక్కెర జబ్బు ఉన్న చాచా రెండు జిలేబీలు తిన్నాడు. నేను మూడు తిన్నాను. ముద్ర కొట్టిన కాగితాన్ని మా ఇద్దరిలో ఒక్కరమూ చదవలేదు. రోజూ ఒకళ్ళ రాత ఒకళ్ళు తప్పుపట్టుకునేవాళ్ళం, ఆ ఒక్కరోజు జిలేబీ పాకం చేతులకు అంటి ఉందని కాగితం ముట్టుకోలేదు.

సోమవారం పది గంటలకు ఆయమ్మ మళ్ళీ వచ్చింది. ఈసారి ముఖం ఎర్రగా ఉంది.

"చాచా, ఫిర్యాదు రాయి. ఆ డ్రైవర్ మీద. రాజీనామా ఇచ్చినంక గూడ నా గల్లీ ముందట బస్సు ఆపకుండ పోయిండు. నేను చెయ్యి ఊపిన. ఉరికిన. దిక్కు గూడ సూడలే. ఇద్దరం రాజీ అయినంక గిట్ల చేస్తరా?"

చాచా కలం మూత తీస్తున్నాడు. నేను మాత్రం లోపలి నుంచి బయటికి వచ్చాను. "రాజీ అయినంక" అన్న మాట నా వీపు మీద చల్లటి నీళ్ళలా పడింది.

"ఆయమ్మా, రాజీనామా ఇచ్చినంక బస్సు ఎందుకాగుతది?"

"రాజీనామా ఇచ్చినంక ఆగకుంటే మరి ఎప్పుడాగుతది?" అన్నది ఆమె.

చాచా చెయ్యి చాపాడు. ఆయమ్మ కొంగులోంచి ముద్ర కాగితమూ, నేను చేసిన జిరాక్సు కాపీ కూడా తీసి ఇచ్చింది. ఆయన కళ్ళద్దాలు తుడుచుకొని నిదానంగా చదివాడు. చదువుతుంటే ఆయన గడ్డం వణికింది. మొదట ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత తెలిసింది, అది కోపం.

"బేటీ, నువ్వు రాసింది ఇస్తీఫా."

"రాజీనామా రాయమంటే రాజీనామా రాసిన."

"రాజీ అంటే ఏంది?"

"ఒప్పుకొనుడు."

"నామా అంటే?"

"పత్రం."

"ఇద్దరు ఒప్పుకొని రాసుకునే పత్రం, ఒక్కరు పని యిడిసిపెట్టే పత్రం ఎట్లయింది? తెలుగోళ్ళు ఇల్లు కాలవెట్టి దీపం ముట్టిచ్చిన్నంటరా?"

నాకూ కోపం వచ్చింది. భయంలో వచ్చే కోపం, అదింకా గట్టిగా ఉంటుంది. "ఏ తెలుగు పేపర్ తీసినా మంత్రి రాజీనామా అనే ఉంటది చాచా. మంత్రి పని యిడిసినట్టా, రాజీ పడ్డట్టా?"

"రాజీ పడకనే యిడుస్తరు. మీ పేపరోళ్ళకు గది గూడ తెల్వదు."

మా గొంతులు లేచేసరికి జనం మూగారు. టీ కొట్టు ఆయన కెటిల్ చేత్తో పట్టుకొనే వచ్చి నా వైపు నిలబడ్డాడు. స్టాంపు కాగితాలు అమ్మే ముసలాయన చాచా వైపు. ధర్మాబాద్ నుంచి వచ్చి దుప్పట్లు అమ్ముకునే మరాఠీ ఆవిడ మూట దించి, "ఆమ్‌చ్యా గావాత్ రాజీనామా మ్హణ్‌జే నోక్రీ సోడ్ణే," అంది. అంటే వాళ్ళ ఊళ్ళోనూ ఉద్యోగం వదలడమే. చూశారా, మరాఠీ కూడా నా వైపే అన్నాను. సరిహద్దు దాటిపోతే మాట ఖరాబైతది అన్నాడు చాచా. వకీలు దగ్గరి గుమస్తా వచ్చి, కోర్టు కాగితాల్లో రెండూ చూశానన్నాడు. అతన్ని ఇరుపక్షాల వాళ్ళం కలిసి తిట్టాం.

అప్పుడు ఆయమ్మ నా ప్లాస్టిక్ కుర్చీలో కూలబడింది.

"మీ మాటల లడాయి జెర పక్కకు వెట్టుండ్రి. నా పని ఉన్నదా, పోయిందా? గదొక్కటి చెప్పుండ్రి."

టీ కొట్టు ఆయన మెల్లగా కెటిల్ తీసుకొని వెనక్కి నడిచాడు. నాకు సిగ్గేసింది. అంతకు మించి భయమేసింది. ఆమెకు నేనేమీ ద్రోహం తలపెట్టలేదు. కానీ నా శుద్ధమైన తెలుగుతో ఆమె పన్నెండేళ్ళ పని మీద ముద్ర కొట్టించింది నేనే. ఆమె ఏడవలేదు, నన్ను తిట్టలేదు. "రేపు ఆ చిన్నపోరికి బూటు తాళ్ళెవరు కడతరు?" అని మాత్రం అంది. తిట్టి ఉంటే బాగుండేదనిపించింది.

షట్టరు దించాను. ముగ్గురం ఆటోలో బడికి వెళ్ళాం. దారిలో చెరుకు ట్రాక్టర్ల వెనక అరగంట నిలబడ్డాం. ఆ అరగంటా చాచా నా వైపు చూడలేదు.

పెద్దసారు తెలుగు ఎమ్మే. ఆయన బల్ల మీద ఎర్రకలం చూడగానే నాకు మా బాపు గుర్తొచ్చి, చేతులు కట్టుకున్నాను. ఆయన ఆయమ్మను చూసి ముఖం గంభీరంగా పెట్టుకున్నాడు.

"డ్రైవరు రెండే ముక్కల్లో తప్పైంది సారు అని రాసిచ్చాడమ్మా. మీ నుంచి కూడా అంతే అడిగాను. మీరేమో ఏకంగా రాజీనామా ఇచ్చారు. ఇంత పంతమా అని నాకు చాలా బాధ కలిగింది. ఆ బాధతోనే సంతకం పెట్టాను. యాజమాన్యం కూడా పెట్టింది. కొత్త ఆయాను చూడమని చెప్పేశాం. ఆమోదించిన రాజీనామాను వెనక్కి ఇచ్చే పద్ధతి లేదు."

నేను జరిగిందంతా చెప్పాను. ఆయన విన్నాడు. నవ్వు రాబోయి ఆపుకున్నట్టనిపించింది. "మీరు చెబుతున్నది నేను నమ్ముతాను. కానీ ఫైలు నమ్మాలి కదమ్మా," అన్నాడు.

అప్పుడు చాచా గొంతు సవరించుకున్నాడు. "సాబ్, గా కాగితం ఒకసారి చదువుండ్రి. ఇందుల నౌకరి యిడిసిపెడుతున్న అని యాడ రాసున్నది?"

పెద్దసారు చదివాడు. వేలు పెట్టి మళ్ళీ చదివాడు. దివ్య సముఖము ఉంది. ఇటీవలి పరిణామములు ఉన్నాయి. ఒత్తిడి లేదని ఉంది, కృతజ్ఞత ఉంది, ప్రార్థన ఉంది. ఉద్యోగం ఊసు ఎక్కడా లేదు. ఆయన తన ఆమోదపత్రం తీసి చదివాడు. "తమరు సమర్పించిన రాజీనామాను ఆమోదించడమైనది. తమ భవిష్యత్తు శుభప్రదముగా ఉండవలెనని ఆశించుచున్నాము." అందులోనూ లేదు. ఆయన కూడా మర్యాద తెలిసిన మనిషి, చేదు సంగతిని పేరుపెట్టి చెప్పలేదు.

"రాజీనామా అంటే మా జబాన్‌ల రాజీ కాగితం. ఆయమ్మ రాజీకి వచ్చింది, తమరు మంజూర్ చేసిండ్రు, పైనుంచి దువా గూడ ఇచ్చిండ్రు. రెండు కాగితాలు బిల్కుల్ సహీ ఉన్నయి," అన్నాడు చాచా.

పెద్దసారు కళ్ళద్దాలు తీసి నా వైపు తిరిగాడు. "పత్రం తయారుచేసింది మీరు. ఇందులో రాజీనామా అంటే ఏమిటో కింద రాసి సంతకం పెట్టండి. ఆ కాగితం ఉంటే నేను యాజమాన్యానికి చెప్పుకోగలను. పొద్దున చిన్నపిల్లలు సగం మంది ఏడుస్తూ దిగారు, నాకూ ఆవిడ కావాలి."

ఇంతకాలం చాచాతో గొడవపడ్డ మాట అది. తెలుగులో దాని అర్థం ఇదీ అని ఆ పొద్దుటే వీధిలో నలుగురి ముందు అరిచి వచ్చాను. ఇప్పుడు కలం నా చేతిలో ఉంది. ఆయమ్మ నా చేతి వైపే చూస్తోంది, చాచా కిటికీ వైపు చూస్తున్నాడు. ఆయన నా వైపు చూడకపోవడం నా పరువు కాపాడటానికేనని ఆ క్షణంలో తెలిసింది. ఇన్నాళ్ళూ కాపురం ఇక్కడ చేసిన మాట ఒక్కరోజు పుట్టింటికి పోయివస్తే నా సొమ్మేం పోయింది? రాశాను.

"ఈ పత్రమును వ్రాయించుకొన్నవారి భాషలో రాజీనామా అనగా రాజీపత్రము. ఆ అర్థము వ్రాసినవారికి తెలియకపోవుటచే పొరపాటు జరిగినది. తప్పు నాది."

పెద్దసారు చదివి, ఎర్రకలం తీసి, "పోవుటచే" దగ్గర ఒక "త" చేర్చాడు. బతికున్నంత కాలం నాకు ఎర్రసిరా తప్పేట్టు లేదు. చాచా సాక్షి సంతకం పెట్టాడు. పెద్దసారు అప్పటికప్పుడు ఒక ఉత్తర్వు రాసి పైకి చదివాడు. "తక్షణమే విధులలో చేరవలెను."

ఆయమ్మ కంగారుగా లేచింది. "ఏ వీధులల్ల సారు? నేను రోజు నా గల్లీ ముందటనే ఎక్కుత."

"అక్కడే ఎక్కండమ్మా," అన్నాడు పెద్దసారు. నవ్వు ఇక ఆగలేదు ఆయనకు.

ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు. కాగితం మీద పని తిరిగొచ్చింది సరే, బస్సు ఆపవలసినవాడు డ్రైవరు. మొదటి కాగితాన్ని నమ్మి ఒకసారి మోసపోయాను, రెండోదాన్ని నమ్మాలంటే కళ్ళతో చూడాలనిపించింది. మంగళవారం పొద్దున్నే ఆయమ్మ గల్లీ మొదట్లో పాల ప్యాకెట్లు కొనే నెపంతో నిలబడ్డాను. ఆయమ్మ చీర కొంగు బిగించుకొని, రోడ్డు వైపు చూస్తూ ఉంది. యూకేజీ పిల్ల ఆమె వేలు పట్టుకొని ఉంది.

బస్సు వచ్చింది. హారన్ కొట్టలేదు. గల్లీ దాటి పోలేదు. సరిగ్గా ఆయమ్మ కాళ్ళ ముందు ఆగింది. డ్రైవరు ఇంజను ఆపేసి, తన వైపు నుంచి దిగి, బస్సు చుట్టూ తిరిగి వచ్చాడు.

"నా మొఖం సూడలేకనే పని యిడిసినవనుకున్న ఆయమ్మా. నిన్న చెయ్యి ఊపుతుంటే, నన్ను తిట్టనీకి పిలుస్తున్నవనుకున్న. ఆపాలంటే కాలు రాలే," అన్నాడు. తల వంచుకొనే అన్నాడు.

ఆయమ్మ ఒక్క క్షణం అతన్ని చూసింది. "పాగల్. పోరి బూటు తాళ్ళు ఊడినయి. కట్టేదాక ఆగుతవా?"

"ఆగుత," అన్నాడు.

ఆమె వంగి, తీరిగ్గా రెండు ముళ్ళు వేసి కట్టింది. వెనక చెరుకు ట్రాక్టర్ల వాళ్ళు హారన్లు కొడుతూనే ఉన్నారు. డ్రైవరు చెయ్యెత్తి వాళ్ళను ఆగమన్నాడు. తర్వాత తనే తలుపు తీసి పట్టుకున్నాడు. ఆయమ్మ పిల్లను ఎక్కించి, తనూ ఎక్కి, లోపలి నుంచి పిల్లల్ని అదిలించే గొంతు వినబడేదాకా నేను అక్కడే నిలబడ్డాను. పాల ప్యాకెట్లు కొనడం మరిచిపోయాను.

దుకాణానికి వచ్చేసరికి చాచా బల్ల తుడుచుకుంటున్నాడు. రాత్రి ఆయనకూ నిద్ర పట్టినట్టు లేదు.

"ఏమైంది బేటీ?"

ఆయమ్మకూ డ్రైవరుకూ మధ్య ఏ కాగితమూ లేదు, సంతకం లేదు, ముద్ర లేదు. అయినా దానికి ఒకటే మాట ఉంది, ఆ మాట నాకు తెలుసు.

"రాజీనామా అయింది చాచా," అన్నాను.

ఆయన తుడవడం ఆపి నా ముఖంలోకి చూశాడు. ఏ రాజీనామా అని అడగలేదు. ఈసారి జిలేబీ నేను తెప్పించాను. మొన్న ఇద్దరం చెరొక అర్థానికి తిన్నాం, ఆ రోజు ఇద్దరం ఒకే అర్థానికి తిన్నాం.